నీలం గీత దాటని కాలు

నా ఫోన్‌లో తెలుగు పెట్టుకున్నది నేనే, ఎవరూ బలవంతం చెయ్యలేదు. అయినా ఆ రెండు ముక్కలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "నిల్వ అనుమతి లేదు. ఫోటో సేవ్ కాలేదు." ఫోటో తియ్యగానే స్క్రీను అడుగున బూడిదరంగు పట్టీ ఒకటి లేస్తుంది. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఇది రాసి ఉంటుంది. చదివేలోపు మాయమైపోతుంది. నిల్వ అనుమతంట, నా మొహం! అంత ముఖ్యమైన సంగతైతే గట్టిగా అరిచి చెప్పొచ్చుగా. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మ వస్తే ఇల్లు అదిరేలా మోగే ఫోను, చెప్పాల్సిన మాట దగ్గర మాత్రం గొణిగి ఊరుకుంది.

మాది చాట్రాయి దగ్గర ఏడెకరాల మామిడితోట. సగం బంగినపల్లి, సగం చిన్నరసాలు, గట్టు వెంట నాలుగు కలెక్టరు చెట్లు. తోట పని మా ఆయనది, అమ్మకం నాది. ఇదివరకు పూత మీదే షావుకార్లకి ఇచ్చేసేవాళ్ళం. ఐదారేళ్ళ నుంచి రసాలు మాత్రం నేనే పెట్టెల్లో గడ్డి పరిచి, సర్ది, హైదరాబాదు అపార్టుమెంట్ల వాళ్ళకి పంపుతున్నాను. వాళ్ళకి ముందు కాయ ఫోటో కావాలి. రసం కాయ ఎంత తియ్యగా ఉన్నా పైకి పచ్చగానే ఉంటుందని వాళ్ళకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి ఎవరో చెబితే ఒక కెమెరా యాప్ వేసుకున్నాను. అందులో తీస్తే కాయ పసుపు పూసినట్టు మెరుస్తుంది. అబద్ధమే. వాళ్ళకి అదే కావాలి, నేనేం చెయ్యను? ఫోన్‌లో మామూలు కెమెరా ఏ మూల ఉందో కూడా మర్చిపోయాను. ఫోటో అనగానే నా వేలు ఆ యాప్ మీదకే పోతుంది.

ఆ ఏడు ఇంకా రసాల కోత మొదలుకాలేదు. పచ్చడి కాయ కోస్తున్నారు. మా ఆయనకి షుగర్ ఉంది, చాలా ఏళ్ళయింది. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది. ఎప్పుడు గుచ్చుకుందో తెలీదుగానీ కుడికాలి బొటనవేలి అడుగున తుమ్మముల్లు దిగింది. ఆయనకి తెలియనే లేదు. ఒక సాయంత్రం చెప్పు తడిగా ఉంటే కాళ్ళు కడుక్కున్నప్పటి నీళ్ళేమో అనుకున్నారు. తర్వాత రెండు రోజులకి వేలి అంచున నల్లగా కనపడింది.

ఇక్కడే మా తెలివి తెల్లారింది. కోతల కాలంలో మా వైపు ఎవరి ఒళ్ళు చూసినా నల్ల మచ్చలే. తొడిమ తుంచగానే కాయలోంచి సొన చిమ్ముతుంది. అది పడ్డచోట చర్మం కాలి, నల్లగా అట్టకట్టి, పదిరోజులకి పొలుసులా ఊడిపోతుంది. చేతుల మీద, మెడ మీద, పాదాల మీద, పిల్లల మూతుల చుట్టూ. దాన్ని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకుంటే నవ్వుతారు కూడా. "సొన పడిందే" అన్నారాయన. "కొబ్బరినూనె రాయండి" అన్నాను నేను. వారం రోజులు నూనె రాశారు. వాసన కూడా వచ్చింది. కానీ రాలిన కాయలు చెట్ల కింద కుళ్ళుతూ ఉంటే, ఇల్లూ వాకిలీ అంతా ఆ పులుపూ తీపీ కలిసిన కంపు కొడుతుంటే, కాలి వాసన ఏదో కాయ వాసన ఏదో ఎవడికి తెలుస్తుంది? మరో ఊళ్ళో అయితే మొదటిరోజే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళు.

ఒకరోజు ఆయన కాలు చాపుకుని పడుకుంటే ఈగలు ముసిరాయి. అప్పుడు చూశాను. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత నలుపు, మధ్యలో గుంట, చుట్టూ చీము. వాకిట్లోకి పోయి కక్కుకున్నాను. నాకు కుళ్ళు పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. గడ్డిలో ఒక్క కాయ చెడితే ముక్కుతో పట్టేస్తాను, దాన్ని తీసి పారేసేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకుంటాను. కూలీలు దాన్ని చూసి వేళాకోళం చేసేవాళ్ళు.

బెజవాడ తీసుకెళ్ళాం. డాక్టరు ఉన్నపళంగా చేరమన్నాడు. ఈయన ససేమిరా అన్నారు. రసాల కోత నెత్తి మీద ఉంది, కూలీలకి మాటిచ్చేశాను, పది రోజులాగి వస్తానన్నారు. డాక్టరు చాలాసేపు తిట్టాడు. ఆఖరికి నీలం పెన్నుతో నలుపు చుట్టూ గీత గీశాడు. నాకేసి చూసి చెప్పాడు. "ఇదిగోమ్మా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, కాలి అడుగు ఫోటో తీసి ఈ నంబరుకి పంపాలి. నలుపు ఈ గీత లోపల ఉన్నంతవరకు మందులతో చూద్దాం. గీత దాటిందా, గంట కూడా ఆగొద్దు, వచ్చెయ్యండి. ఆలస్యమైతే వేలు కాదు, కాలు పోతుంది." ఆయనకి కాలి అడుగు కనపడదు, పొట్ట అడ్డం, నడుం అంత వంగదు. అంటే ఇక చూడాల్సిందల్లా ఆ ఫోటోయే.

ఆ సాయంత్రం మా ఊరి నర్సమ్మ వచ్చి అడుగు కనపడకపోయినా చేత్తో తడుముకుంటూ కట్టు ఎలా కట్టుకోవాలో ఆయనకి నేర్పింది. ప్లాస్టిక్ స్టూలు మీద న్యూస్‌పేపరు పరిచి, దాని మీద కాలు పెట్టించి, నా ఫోను తీసుకుని, అందులోని మామూలు కెమెరా వెతికి తనే ఒక ఫోటో తీసి డాక్టరు నంబరుకి పంపింది. "చూశారుగా, ఇలా పంపితే సరిపోద్ది" అంది. తనకి ఇంకో నాలుగూళ్ళు తిరగాలి, మళ్ళీ వారానికి గానీ రాలేనంది.

మర్నాడు పొద్దున నా వంతు. యాప్ తెరిచాను. కిందటేడు జూన్ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. తెరవగానే అడగడం మొదలెట్టింది. కెమెరా వాడుకోవచ్చా? సరే, ఫోటో తియ్యాలంటే కెమెరా కావాలిగా, అనుమతించాను. మీ ఫోటోలూ ఫైళ్ళూ చూడొచ్చా? నీకెందుకే నా ఫైళ్ళు, అనుకున్నాను. అంతకు నెల ముందే మా పొదుపు గ్రూపు మీటింగులో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఫోన్‌లో ఏది ఏమడిగినా ఒప్పుకోవద్దు, వద్దని నొక్కండి, లేకపోతే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేస్తారు అని. మా వీధిలోనే ఒకావిడకి అలా అయింది కూడా. అందుకని వద్దని నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను, ఈసారి పళ్ళు కొరుకుతూ. పైగా ఎంత జాగ్రత్తగా ఉన్నానో చూడండి అని ఆయనకి చెప్పుకున్నాను కూడా.

ఇక ఆ ఫోటోలు తియ్యడం. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. ఆయన కట్టు విప్పేవారు. తడిసిన గాజుగుడ్డ తీసి బేసిన్‌లో వేసేవారు. నేను పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఫోను కాలికేసి చాపి, మొహం గుమ్మం వైపు తిప్పి నొక్కేదాన్ని. టక్ మని చప్పుడు వచ్చేది. వస్తే చాలు, అయిపోయింది. వాట్సాప్ తెరిచి, డాక్టరు నంబరు తీసి, కెమెరా ఫోటోల్లో అన్నిటికన్నా పైనున్నది నొక్కి పంపేసేదాన్ని. అదీ కళ్ళు సగం మూసుకునే. తర్వాత పేపరు తీసి పొయ్యిలో పడేసి, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కునేదాన్ని. "ఎలా ఉందే?" అనేవారాయన. "అలాగే ఉంది" అనేదాన్ని.

కాసేపటికి డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి జవాబు పెట్టేది. "మార్పు లేదు. అవే మందులు వాడండి." రెండో రోజూ అదే, మూడో రోజూ అదే. మా ఆయనకి ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. కాలికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని తోటలోకి పోయి నిలబడ్డారు. "చూశావా, అనవసరంగా చేర్పించేవాడు" అని డాక్టర్ని ఎగతాళి చేశారు. మూడో రోజు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంటే, ఎండలో తిరిగితే వెచ్చగా ఉండక చల్లగా ఉంటుందా అని నేనే అన్నాను.

నాలుగో రోజు మొదటి రసాలు కోశారు. పొద్దున కాలి ఫోటో పంపేశాను. పదింటికి ఆరు పెట్టెలు సర్ది, కాయల ఫోటో తీసి, నా దగ్గర ఏటా కాయ కొనే హైదరాబాదు పెద్దావిడకి పంపాను. పంపి పెట్టెకి తాడు కడుతున్నాను. ఫోను మోగింది. ఎత్తీ ఎత్తగానే ఆవిడ అరుపులు.

"ఏంటమ్మా ఇది? రసాలు అనుకుని మనవలకి చూపిస్తూ తెరిచాను. ఛీ ఛీ! టిఫిన్ల దగ్గర కూర్చున్నాం అందరం. పిల్ల ప్లేటు తోసేసి లేచిపోయింది. ఆ కాలేంటమ్మా, ఆ పుండేంటి? ఆ చేత్తోనే కాయలు సర్దుతున్నావా?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వాట్సాప్ చూసుకుంటే, నా కాయలు ఉండాల్సిన చోట మా ఆయన కాలు. తల తీసేసినట్టయింది. పొరపాటున వేరే ఫోటో నొక్కానండీ, ఏమీ అనుకోకండీ అని బతిమాలాను. ఆవిడ ఈ ఏడు కాయ వద్దని పెట్టేసింది. పోనీ, ఆవిడ తప్పేముంది? నేనైతే ఇంకా తిట్టేదాన్ని.

కాయల్ని మళ్ళీ ఫోటో తీశాను. ఈసారి కళ్ళు పెట్టుకుని చూశాను కాబట్టి ఆ బూడిదరంగు పట్టీ కనపడింది. మళ్ళీ తీశాను, మళ్ళీ లేచింది. నాలుగోసారికి పూర్తిగా చదవగలిగాను. ఓహో, ఇదా నీ నాటకం అనుకున్నాను. ఇక మొదలైంది తిప్పలు. ఫోను ఆపి ఆన్ చేశాను. నిల్వ అంటే చోటు లేదేమోనని పెళ్ళిళ్ళ వీడియోలూ, దేవుళ్ళ బొమ్మలూ, చుట్టాలు పంపిన ముగ్గులూ అన్నీ కూర్చుని తీసేశాను. చోటు ఉంది, అయినా పట్టీ లేస్తూనే ఉంది. యూట్యూబ్‌లో ఒకాయన ఉపాయం చెప్తాడని తెరిస్తే, ముందు బెల్ నొక్కండి, లైక్ కొట్టండి అంటూ అయిదు నిమిషాలు తినేసి, సెట్టింగులోకెళ్ళి ఏదో క్లియర్ చెయ్యమన్నాడు. అది చేస్తే యాప్ నన్ను ఎరగనట్టు మొదట్నుంచి అన్నీ అడిగింది. ఫైళ్ళు చూడొచ్చా అని కూడా అడిగింది. భయమేసి మళ్ళీ వద్దన్నాను! ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

కాలి ఫోటోల సంగతి నీకు తట్టలేదా అని మీరు అడగొచ్చు. తట్టింది. ఒక్క క్షణం తట్టింది. వెంటనే డాక్టరు నంబరు తెరిచి చూసుకున్నాను. ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, కాలి ఫోటోలే. మధ్యమధ్యలో ఆ అమ్మాయి జవాబులు. అయితే కాలివి బాగానే పోతున్నాయి, కాయలవే పోవట్లేదు అనుకుని చటుక్కున మూసేశాను. వాటిని ఎక్కువసేపు చూడబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం మిగతా పెట్టెలు హనుమాన్ జంక్షన్‌లో పార్సెల్ లారీకి ఎక్కించాలి. ఆటోలో నేనే వెళ్ళాను. పెట్టెలు అప్పజెప్పి, పక్కనే ఉన్న ఫోన్ల షాపులోకి పోయి, కౌంటరు మీద ఫోను విసిరినంత పని చేశాను. షాపాయనకి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, చుట్టూ లారీల హారన్లు మోగుతున్నా తొణక్కుండా సెట్టింగుల్లోకి పోయాడు.

"ఇదిగోండి. కెమెరాకి ఒప్పుకున్నారు, స్టోరేజీకి వద్దన్నారు. ఫోటో తీసుద్దిగానీ పెట్టుకోడానికి దానికి చోటు ఇవ్వలేదన్నమాట."

"కిందటేడు బాగానే పెట్టుకుంది కదండీ!"

"కిందటేడు ఇచ్చారు. ఏడాదిలో పది నెలలు దాని మొహం చూడకపోతే ఇచ్చినవన్నీ ఫోనే వెనక్కి లాగేసుకుంటదండీ. మళ్ళీ అడిగితే మీరు వద్దన్నారు. రెండుసార్లు వద్దంటే ఇక అడగదు, అభిమానం." ఆయన తన మాటకి తనే నవ్వాడు.

నేను మండిపోయాను. మామిడి ఏడాదికి రెండు నెలలే కాస్తుందని దీనికెవరు చెప్పాలి? పన్నెండు నెలలూ కాయించమంటుందా? అడిగేటప్పుడు, తీసిన ఫోటో దాచుకోడానికి చోటిస్తావా తల్లీ అని అడిగితే ఎవరు కాదంటారు? మీ ఫైళ్ళు చూడొచ్చా అని దొంగలా అడిగితే ఒప్పుకుంటారా ఎవరైనా? ఇలా చాలానే అన్నాను. షాపాయన విని, ఒక మీట జరిపి, కౌంటరు మీదున్న టీ గ్లాసుని ఫోటో తీశాడు. పట్టీ లేవలేదు. గ్యాలరీ తెరిచి చూపించాడు.

"చూడండి, టీ గ్లాసు సేవయ్యింది. దీనికి ముందు మీ ఫోన్‌లో తీసిన ఫోటో..." అని వేలితో జరిపి, ముక్కు చిట్లించి, "ఏదో కాలండీ, నాలుగు రోజుల కిందటిది. ఆ తర్వాత ఒక్కటీ లేదు" అన్నాడు.

నేను ఫోను లాక్కున్నాను. గ్యాలరీలో ఒకే ఒక్క కాలు. అది నర్సమ్మ తీసినది. డాక్టరు నంబరు తెరిచాను. ఎనిమిది ఫోటోలు. మొదటిసారి ఒక్కోటీ పెద్దది చేసి చూశాను. నేను పూటకో పేపరు మార్చేదాన్ని కదా, అన్నిట్లోనూ ఒకే సిమెంటు ప్రకటన. మడమ పక్కన పేపరు అంచు మీద ఒక ఈగ. రెండో ఫోటోలోనూ అక్కడే. ఎనిమిదింట్లోనూ అదే ఈగ. నాలుగు రోజులు ఆ అమ్మాయి చూసి మార్పు లేదంటున్నది ఆ ఒక్క ఫోటోని. ఎలా మారుతుంది?

అక్కడే స్టూలు మీద కూలబడి ఆయనకి ఫోను చేశాను. కాలు ఎవరికైనా చూపించండి, గీత దాటిందేమో చూడమనండి అన్నాను. "ఎవరికి చూపించనే, కూలీలకా? కాయ దగ్గర ఆ కంపు ఎందుకు, నువ్వొచ్చి చూద్దువుగాని" అన్నారు. వెనక కూలీల నవ్వులు వినపడుతున్నాయి. ఆటో వాణ్ణి తొందరపెట్టి తొందరపెట్టి, నూజివీడు దాటేదాకా దారి పొడుగునా వాడి ప్రాణం తీశాను.

తోటలోనే, చెట్టు కింద, కాయల గంప బోర్లించి దాని మీద కాలు పెట్టించాను. కట్టు నేనే విప్పాను. ఆఖరి గుడ్డ అతుక్కుపోయి లాగితే వచ్చింది. చెంగు అడ్డం పెట్టుకోలేదు, పెట్టుకోవాలని తట్టలేదు. నీలం గీత ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. నలుపు మధ్యలో, లోపల ఉందది. నలుపు గీత దాటి మూడు వేళ్ళ మొదళ్ళు మింగేసి అరికాలి మధ్యకి వచ్చేసింది. అంచున పచ్చగా బుడగలు. అంత కుళ్ళు నా చేతికి జానెడు దూరంలో నాలుగు రోజులు పెరిగింది. "ఎలా ఉందే?" అన్నారాయన పైనుంచి. నేను కారు కోసం ఫోను చేశాను.

ఆ సాయంత్రమే బెజవాడలో ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళారు. రెండు రోజులు ముందొచ్చి ఉంటే ఒక్క వేలితో పోయేదన్నారు. పాదం ముందు సగం తీసేశారు. మడమ మిగిలింది.

మర్నాడు పొద్దున డాక్టరు రౌండుకి వచ్చాడు. వెనకాల ఆ జవాబులు పెట్టే అమ్మాయి, తల వంచుకుని. నేను ఫోను చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన అడక్కముందే మొదలెట్టాను. యాప్ ఇలా చేసిందండీ, పది నెలలు వాడలేదని పర్మిషను లాగేసుకుందండీ, చదవడానికి వీల్లేకుండా అరసెకను ఏదో చూపిస్తుందండీ, మీవాళ్ళయినా ఒకే ఫోటో ఎనిమిదిసార్లు వస్తే చూసుకోవద్దా అండీ అని. షాపాయన చెప్పినదంతా అప్పజెప్పాను. సెట్టింగులు తెరిచి కూడా చూపించబోయాను. డాక్టరు అంతా విన్నాడు. మావాళ్ళు చూసుకోవాల్సిందే, తప్పే అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఫోటో సేవ్ కాలేదమ్మా, సరే. రోజుకి రెండుసార్లు ఆ కాలి ముందు కూర్చున్నది మీరే కదా. గీత దాటడం మీ కంటికి కనపడలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. చీకటిగా ఉందనొచ్చు, నాకూ చూపు ఆనదనొచ్చు. పక్కనే మంచం మీద మా ఆయన మెలకువగానే ఉన్నారు, మా ఇద్దరినీ చూస్తున్నారు.

"నేను చూడలేదండీ" అన్నాను.

"ఫోటో తీస్తూ చూడకపోవడమేంటమ్మా?"

"అసహ్యమేసి మొహం తిప్పుకునేదాన్నండీ."

మా ఆయన లేవలేక లేచి, చెయ్యి చాపి, దుప్పటి కాలి మీదకి లాక్కున్నారు.